షెడ్డులో ఏళ్లుగా నిలబడిన పాత కారు: తుక్కుకు ఇవ్వాలా, స్టార్ట్ చేయించి అమ్మాలా, పూర్తిగా బాగు చేయించాలా?

పాత కారుకు మొదటి గిరాకీ ఎప్పుడూ పాత ఇనుము వ్యాపారి నుంచే వస్తుంది. అంబాసిడరో, ప్రీమియర్ పద్మినీయో ఇంటి వెనక రేకుల షెడ్డులో పదిహేను, ఇరవై ఏళ్లుగా కదలకుండా ఉందని వీధిలో అందరికీ తెలుసు. ఇల్లు కట్టాలనో, అన్నదమ్ములు భాగాలు పంచుకోవాలనో మాట బయటికి రాగానే ఎవరో ఒకరు గేటు దగ్గర నిలబడి, "అన్నా, పదిహేనేళ్లు దాటిన బండి. బయటికి తీస్తే సీజ్ చేస్తారు. నేను కాబట్టి ఇరవై వేలు ఇస్తున్నా" అంటారు.

వయసు దాటిందని సీజ్ చేస్తారనే ఆ మాట నమ్మకండి. పాత బళ్ల మీద ఢిల్లీ చుట్టుపక్కల ఉన్న ఆంక్షలు వేరు, మన లెక్క వేరు. మన దగ్గర సొంత కారుకు 15 ఏళ్లు నిండితే ఆర్‌సి గడువు ముగుస్తుంది, అంతే. బండిని ఆర్‌టీఓ ఆఫీసులో చూపించి, ఫీజు కట్టి, ఐదేళ్లకోసారి రెన్యువల్ చేయించుకుంటూ పోవచ్చు. కాబట్టి కంగారుపడి ఇచ్చేయాల్సిన పని లేదు.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తా. అమ్మాలనే నిర్ణయం అయిపోయి ఉంటే, పెయింట్ జోలికి పోకండి. కాగితాలు సరిచేసి, ఇంజన్ తిరిగేలా, బ్రేకు పట్టేలా చేసి, ఉన్నది ఉన్నట్టు బయటి ఊరి కొనుగోలుదారుకు అమ్మడమే ఎక్కువ మందికి లాభం. తుక్కుకు ఇవ్వడం, పూర్తిగా బాగు చేయించడం కొన్ని బళ్లకే సరిపోతాయి. మీది ఆ కొన్నింటిలో ఉందో లేదో ఎలా తేల్చుకోవాలో కింద చెబుతాను.

ముందు ఏ బండో తేలాలి

"పాత కారు" అనగానే అన్నీ ఒకటి కావు. అంబాసిడర్ 1950ల చివర మొదలై 2014 మేలో ఉత్తరపారా ఫ్యాక్టరీ ఆగేదాకా వచ్చింది. అన్నేళ్ల బండిలో తొలి మార్క్ 1, గళ్ల గ్రిల్ ఉన్న 1960ల మార్క్ 2 కోసం వెతికేవాళ్లున్నారు. 1975లో వచ్చిన మార్క్ 3కి కూడా పరవాలేదు, అడుగుతారు. 1990ల తర్వాతి డీజిల్ బండి, అందులోనూ ట్యాక్సీగా తిరిగింది అయితే అభిమానం తప్ప ధర పెద్దగా ఉండదు. అదే కాలపు ఇసుజు ఇంజన్ ఉన్న 1800 ఐఎస్‌జెడ్ మాత్రం మినహాయింపు. నడపడానికి బాగుంటుందని దాన్ని ఏరికోరి కొనేవాళ్లున్నారు.

ఫియట్ సంగతీ అంతే, పద్మినీ ఆ కుటుంబపు బండే. 1964 డిలైట్ ఒక లెక్క, 1990ల చివర వచ్చిన పద్మిని ఇంకో లెక్క. స్టాండర్డ్ హెరాల్డ్‌కు స్పేర్ పార్ట్స్ దొరకడం కష్టం కాబట్టి కొనేవాళ్లు తక్కువ, కానీ కొనేవాళ్లు ఇష్టపడి కొంటారు. కాంటెస్సాకు కుర్రాళ్లలో మోజు ఉంది. మారుతి 800లో అయితే 1983 చివర నుంచి 1986 దాకా వచ్చిన ఎస్ఎస్80 అనే తొలి మోడల్ మాత్రమే ఈ కోవలోకి వస్తుంది. తర్వాతి 800లు ఊరికి వంద ఉన్నాయి.

జీపు సంగతి వేరు. సీమలో జీపుకు ఇప్పటికీ ఊళ్లోనే గిరాకీ ఉంటుంది. తోటలకు, కొండ దారులకు అడుగుతారు, పెళ్లి ఊరేగింపులకు అడుగుతారు. దాన్ని బెంగళూరు దాకా తీసుకెళ్లాల్సిన పని లేదు. కాకపోతే ఇంజన్ మార్చని, చాసిస్ (బండి అడుగు ఫ్రేము) కోయని జీపు దొరకడమే అరుదు.

ఒక గీత మాత్రం గుర్తుంచుకోండి: మొదటి రిజిస్ట్రేషన్ తేదీ నుంచి 50 ఏళ్లు. అది దాటిన బండిని కేంద్ర మోటారు వాహన నిబంధనలకు 2021లో చేసిన సవరణ కింద వింటేజ్ వాహనంగా నమోదు చేయించవచ్చు. కొత్తగా రిజిస్టర్ చేయిస్తే ఫీజు రూ. 20,000, మళ్లీ చేయిస్తే రూ. 5,000. పదేళ్లు చెల్లుతుంది. ముందే నంబరు ఉన్న బండి ఆ పాత నంబరునే ఉంచుకోవచ్చు. కానీ రెండు షరతులున్నాయి. బండి అసలు రూపంలోనే ఉండాలి, పెద్ద మార్పులు జరిగి ఉండకూడదు. నమోదు చేయించాక దాన్ని రోజూ తిప్పడానికి, కిరాయికి వాడకూడదు. ప్రదర్శనకు, ర్యాలీకి, పెట్రోలు పోయించుకోవడానికి, రిపేరుకు తీసుకెళ్లడానికే రోడ్డెక్కాలి. అమ్మేవాళ్లకు ఈ నమోదు తప్పనిసరి కాదు. "ఈ బండికి ఆ అర్హత ఉంది" అని చూపించగలిగితే చాలు, మిగతాది కొనేవాళ్లు చూసుకుంటారు.

బండి నిజంగా ఎలా ఉంది

ధర చెప్పేముందు ఒక పూట కేటాయించి బండిని మీరే చూడండి. మెకానిక్‌ను ఆ తర్వాత పిలవండి. మెకానిక్ చూసేది ఇంజన్‌ను. పాత కారు ధరను తేల్చేది మాత్రం రేకు.

మన ఉమ్మడి అనంతపురం, కడప, కర్నూలు జిల్లాలకు ఒక అనుకూలత ఉంది, దాన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోరు. అనంతపురంలో ఏడాదికి 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కలే వాన. సముద్రపు గాలి లేదు. చెన్నైలోనో విశాఖలోనో ఇరవై ఏళ్లు నిలబడిన బండికి అడుగు రేకు తుప్పుకు పోతుంది. మన దగ్గర షెడ్డులో ఉన్న బండికి చాలాసార్లు అది గట్టిగానే ఉంటుంది. మన ఎండకు పోయేది రబ్బరు, డ్యాష్‌బోర్డు, సీటు కవర్లు. అవి మార్చుకోగలిగినవి. "బండి మొదటి నుంచీ సీమలోనే ఉంది" అనే మాట బెంగళూరు కొనుగోలుదారు చెవిన వేస్తే దానికి విలువ కడతారు.

దానికి మినహాయింపు వరద నీళ్లు. కర్నూలు పాత నగరంలో ఉన్న బండి అయితే 2009 అక్టోబరు వరదలో మునిగిందా అని కొనేవాళ్లు అడుగుతారు. రాజంపేట వైపు బండి అయితే 2021 నవంబరులో అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగినప్పుడు ఎక్కడుందని అడుగుతారు. డోరు లోపలి ప్యాడ్ ఒకటి విప్పి చూడండి. మునిగిన బండి అయితే అడుగున సన్నటి ఒండ్రు పేరుకుని ఉంటుంది, రేకు మీద నీటి గీత కనిపిస్తుంది. దాచితే ఎలాగూ బయటపడుతుంది, ముందే చెప్పి ధర మాట్లాడుకోవడం మేలు.

తర్వాత డ్రైవరు కాళ్ల కింది రబ్బరు మ్యాట్ ఎత్తండి. స్క్రూ డ్రైవరు మొనతో నొక్కితే ఠంగుమనాలి. మెత్తగా దిగితే అక్కడ రేకు పోయినట్టు. డిక్కీలో స్టెపినీ పెట్టే గుంట, డోర్ల కింద అంచులు, బ్యాటరీ పెట్టే పళ్లెం, ముందు అద్దం చుట్టూ ఉన్న రబ్బరు కింద, ఈ నాలుగు చోట్లా ఇదే పరీక్ష. నీళ్లు, యాసిడ్ నిలిచేది అక్కడే.

బోనెట్ ఎత్తితే ముందుగా ఎయిర్ క్లీనర్ మూత తీయండి. పల్లెటూరి షెడ్డులో ఉన్న బండి అయితే అందులో వేరుశెనగ పొట్టు, గుడ్డ పీలికలు గుప్పెడు దొరుకుతాయి. అంటే ఎలుకలు కాపురం పెట్టాయన్నమాట, ఇక వైరింగ్ మొత్తం కొత్తది వేయాల్సిందే. కాయిల్ దగ్గర నుంచి డైనమో దాకా వైర్లు చేత్తో తడిమి చూస్తే కొరికిన చోట్లు తెలుస్తాయి.

ఇంజన్ జామ్ అయిందా లేదా అన్నది తొందరపడి తేల్చకండి. కొత్త బ్యాటరీ తెచ్చి తాళం తిప్పడం అన్నిటికన్నా చెడ్డ పని. పిస్టన్ రింగులు పట్టేసి ఉంటే విరుగుతాయి. స్పార్క్ ప్లగ్గులు నాలుగూ విప్పి, ఒక్కో రంధ్రంలో ఇంజన్ ఆయిల్, డీజిల్ కలిపి కొద్దిగా పోసి, కొన్ని రోజులు వదిలేయాలి. ఆ తర్వాత ముందు నుంచి హ్యాండిల్ పెట్టి చేత్తో మెల్లగా తిప్పి చూడాలి. తిరిగితే మీ బండి ధర ఆ నిమిషంలోనే పెరిగినట్టు. తిరగకపోతే బలం ప్రయోగించకండి. ట్యాంకులో మిగిలిన పాత పెట్రోలు జిగురై, వార్నిష్ వాసన కొడుతుంది. దాన్ని పూర్తిగా దింపి, ట్యాంకు కడిగించి, వేరే డబ్బా నుంచి పైపుతో కొత్త పెట్రోలు ఇచ్చి స్టార్ట్ చేయించాలి. లేకపోతే ఆ మడ్డి అంతా కార్బొరేటర్‌లోకి పోతుంది.

ఇక ఊడిపోయిన సామాన్ల సంగతి. బోనెట్ మీది బొమ్మ, గ్రిల్, పేరు అక్షరాలు, వీల్ కప్పులు, అసలు స్టీరింగ్, మీటర్లు, వెనక లైటు అద్దాలు, ఇవన్నీ బండితోనే ఉన్నాయా? ఇంజన్ సామాను ఎలాగోలా దొరుకుతుంది. 1960ల గ్రిల్ దొరకదు. అటక మీద, పాత ట్రంకు పెట్టెల్లో వెతకండి. ఎప్పుడో విప్పి దాచిన సామాను బయటపడుతుంది. బండిని చూడటానికి వచ్చిన ఎవరికీ, "ఈ ఒక్క మీటరు ఇవ్వన్నా" అని అడిగినా సరే, ముక్క కూడా విప్పి ఇవ్వొద్దు.

ధర కట్టే పద్ధతి

ఆన్‌లైన్‌లో అంబాసిడర్ ధరలు చూసి చాలామంది మోసపోతారు. అక్కడ కనిపించేది అమ్మేవాళ్లు అడిగే ధర, అమ్ముడైన ధర కాదు. పైగా ఫొటోలో మెరుస్తున్న బండికీ మీ షెడ్డులో ఉన్నదానికీ మధ్య లక్షల ఖర్చుంది.

కింది గీత పాత ఇనుము ధర. అంబాసిడర్ సుమారు 1,100 కిలోలుంటుంది. కిలో పాతిక అనుకుంటే పాతిక వేల పైచిలుకు, అందులో అద్దం, రబ్బరు, సీట్లు తీసేస్తారు. గేటు దగ్గరి "ఇరవై వేలు" ఎక్కడి నుంచి వచ్చిందో ఇప్పుడు తెలిసింది కదా.

పై గీత తెలియాలంటే పూర్తయిన బండి ధర నుంచి వెనక్కి లెక్కేయాలి. ఇవి ఉదాహరణకు వేసిన అంకెలే, మీ బండికి మీరు కొటేషన్లు తెచ్చుకుని మార్చుకోండి. మీ మోడల్ బాగు చేసి సిద్ధంగా ఉన్నది 5 లక్షలు పలుకుతుందనుకుందాం. టింకరింగ్, పెయింటింగ్ లక్షన్నర. ఇంజన్, గేర్ బాక్స్ 60 వేలు. బ్రేకులు, టైర్లు, వైరింగ్ 70 వేలు. సీట్లు, రూఫ్ లైనింగ్, క్రోమ్ 40 వేలు. మొత్తం 3 లక్షల 20 వేలు. మిగిలింది లక్షా 80 వేలు. కొనేవాళ్లు వాళ్ల శ్రమకు, లోపల ఏముంటుందో తెలియని భయానికి ఒక 60 వేలు తగ్గించుకుంటారు. అంటే మీ బండి ఉన్నది ఉన్నట్టుగా లక్షా 20 వేలు.

ఇప్పుడు అదే లెక్కను మీ వైపు నుంచి చూడండి. మీరే బాగు చేయించి అమ్ముదామనుకున్నారు. 3 లక్షల 20 వేలు అనుకున్నది ఈ పనుల్లో 4 దాటడం మామూలే, ఎందుకంటే పెయింట్ గీకితే కానీ కింద రేకు ఎలా ఉందో తెలియదు. 5 లక్షలకే అమ్ముడైనా మిగిలేది లక్ష. ఏడాది తిరుగుళ్లు, మెకానిక్ షెడ్డు చుట్టూ ప్రదక్షిణలు, టెన్షన్, అన్నీ పోగా ఏమీ చేయకుండా వచ్చేదానికన్నా తక్కువే మిగిలింది. అమ్మడానికని బాగు చేయించొద్దు అని నేను గట్టిగా అనేది ఇందుకే.

సగం సగం పని ఇంకా నష్టం. చౌకలో పెయింట్ కొట్టించిన బండిని తెలిసినవాళ్లు అనుమానంగా చూస్తారు, కింద లప్పం ఎంత దాచారో అని. పాత అసలు పెయింటు వెలిసిపోయి ఉన్నా దానికి ఎక్కువ ఇస్తారు. నీళ్లతో కడిగించండి, అంతకు మించి ఏమీ వద్దు.

మరి ఏది ఎవరికి

తుక్కుకు ఇవ్వదగ్గది ఏ బండి అంటే: అడుగు రేకు పోయి, ఇంజన్ మార్చి ఉండి, కాగితాలు కూడా సరిగా లేని, తర్వాతి కాలపు మామూలు మోడల్. ఇచ్చినా రిజిస్టర్డ్ స్క్రాపింగ్ కేంద్రానికి ఇవ్వండి. వాళ్లు సర్టిఫికెట్ ఆఫ్ డిపాజిట్, అంటే బండిని తుక్కుకు అప్పగించినట్టు పత్రం, ఇస్తారు. దాని మీద కొత్త సొంత బండి పన్నులో 25 శాతం దాకా రాయితీ ఇచ్చే వీలు కేంద్ర నిబంధనల్లో ఉంది. రోడ్డు పక్క వ్యాపారికి ఇస్తే మాత్రం ఆర్‌సి మీ పేరునే బతికి ఉంటుంది. మీ చాసిస్ నంబరు ఇంకో బండి మీద తేలితే పోలీసులు వచ్చేది మీ ఇంటికే. బండి నాశనమైతే 14 రోజుల్లో రిజిస్టర్ చేసిన అధికారికి తెలియజేసి రిజిస్ట్రేషన్ రద్దు చేయించాలని చట్టమే చెబుతోంది.

పూర్తిగా బాగు చేయించడం ఉంచుకునేవాళ్ల పని. ఇంట్లో ఒకరికైనా ఆ బండి మీద ఇష్టం ఉండి, వారానికోసారి తీసి తిప్పే ఓపిక ఉంటే, లాభనష్టాల లెక్క పక్కన పెట్టి చేయించుకోండి. లేదా బండి 50 ఏళ్లు దాటిన అరుదైన మోడల్, సామాను అంతా అసలుదే, మీకు నమ్మకమైన టింకరింగ్ మేస్త్రి ఉన్నాడంటే ఆలోచించవచ్చు. ఒక జాగ్రత్త: బాగు చేయించే పేరుతో డీజిల్ ఇంజన్ వేయించడం, కొత్త ఏసీ, పవర్ స్టీరింగ్ పెట్టించడం చేస్తే వింటేజ్ అర్హతకు చిల్లు పడవచ్చు.

ఈ రెండిటికీ మధ్యలో ఉన్నదే స్టార్ట్ చేయించి అమ్మడం. ఇందులో ఖర్చు ఇంజన్ తిరగడానికి, బ్రేకులు పట్టడానికి, లైట్లు వెలగడానికి, నాలుగు టైర్లు గాలి నిలపడానికి. ఇంతే. ఈ ఖర్చు అందం కోసం కాదు, ఆర్‌సి కోసం. గడువు దాటిన ఆర్‌సితో పేరు మార్పు ముందుకు కదలదు. రెన్యువల్ కావాలంటే బండిని ఇన్‌స్పెక్టరుకు చూపించాలి. ఆర్‌సి ప్రాణంతో ఉన్న, కాస్త కదిలే బండికీ, ఇటుకల మీద నిలబెట్టిన బండికీ ధరలో తేడా మీరు పెట్టిన ఖర్చుకన్నా చాలాసార్లు ఎక్కువే ఉంటుంది.

కాగితాల పని

అన్నిటికన్నా ఎక్కువ రోజులు పట్టేది ఇదే, కాబట్టి ముందు దీన్నే మొదలుపెట్టండి.

ఆర్‌సి చనిపోయిన నాన్న పేరు మీదో, తాత పేరు మీదో ఉండటం మామూలు. ఫారం 31తో ముందు వారసుల్లో ఒకరి పేరుకు మార్చుకోవాలి. దానికి మరణ ధ్రువీకరణ, తహసీల్దారు ఇచ్చే ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్, మిగతా వారసుల నుంచి అభ్యంతరం లేదని రాతపూర్వకంగా తీసుకున్న పత్రం కావాలి. అక్కచెల్లెళ్ల సంతకాలు కూడా అడగండి. "వాళ్లదేముందిలే" అని వదిలేసిన చోటే ధర బాగా వచ్చాక గొడవ మొదలవుతుంది.

మూడు అక్షరాలు, అంకెలు మాత్రమే ఉన్న నంబరు ప్లేటు అయితే అది 1989కి ముందు బండి. ఏపీ 02, ఏపీ 04, ఏపీ 21 ఆ తర్వాతవి. అంత పాత వివరాలు కంప్యూటర్లోకి ఎక్కకపోవచ్చు. కేంద్ర రవాణా శాఖ వెబ్‌సైటు పరివాహన్ పోర్టల్‌లో నంబరు కొట్టి చూడండి. రాకపోతే పాత ఆర్‌సి పుస్తకం పట్టుకుని ఆఫీసులో బ్యాక్‌లాగ్ ఎంట్రీ (పాత వివరాలు కంప్యూటర్లోకి ఎక్కించడం) చేయించమని అడగాలి.

ఆర్‌సిలో ఉన్న ఇంజన్ నంబరు, చాసిస్ నంబరు బండి మీద ఉన్నవాటితో సరిపోవాలి. అంబాసిడర్‌లో పెట్రోలు ఇంజన్ తీసి డీజిల్ వేయించడం ఒకప్పుడు మన దగ్గర ఇంటింటి కథ. ఆ మార్పు ఆర్‌సిలో ఎక్కించకపోతే ఇప్పుడు చిక్కే. తీసేసిన పాత ఇంజన్ ఇంకా ఎక్కడైనా పడి ఉంటే అది బంగారం, కొనేవాళ్లకు కలిపి ఇవ్వండి.

రెన్యువల్‌కు 20 ఏళ్లు దాటిన కారు ఫీజు 2025 సవరణతో రూ. 10,000 అయింది. దానికి తోడు ఆలస్య రుసుము, గ్రీన్ ట్యాక్స్, థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్, పొల్యూషన్ సర్టిఫికెట్ ఉంటాయి. ఇరవై ఏళ్ల ఆలస్యానికి మొత్తం ఎంతవుతుందో ముందే ఆఫీసులో లెక్క వేయించుకుని, ఆ మొత్తం ఎవరు భరించాలో బేరంలోనే తేల్చుకోండి.

ఎవరికి అమ్మాలి

లోకల్ బ్రోకరు త్వరగా తేలుస్తాడు, తక్కువ ఇస్తాడు. మీ ఊరి మెకానిక్ కొంటానంటే కాస్త నయం, కానీ ఆయన కూడా అమ్మేది బెంగళూరుకే. ఆ మధ్య దూరం పెద్దదేమీ కాదు. అనంతపురం నుంచి బెంగళూరుకు, కర్నూలు నుంచి హైదరాబాదుకు 44వ నంబరు జాతీయ రహదారి మీద రెండు వందల కిలోమీటర్ల పైచిలుకు. కడప వాళ్లకు చెన్నై, బెంగళూరు రెండూ ఒక పగటి దూరమే. ఆ ఊళ్లలో పాత కార్ల క్లబ్బులున్నాయి, బాగు చేసే వర్క్‌షాపులున్నాయి. హైదరాబాదులో పాతకాలం సినిమాలకు బళ్లు అద్దెకిచ్చేవాళ్లూ ఉన్నారు. నేరుగా వాళ్లకు చేరగలిగితే మధ్యలో పోయే డబ్బు మీకే మిగులుతుంది. ప్రొద్దుటూరు, ఆదోని వ్యాపార కుటుంబాల్లోనూ తాతల కాలపు మోడల్ కోసం చూసేవాళ్లు అప్పుడప్పుడూ తగులుతారు.

ఫొటోలు దాచకుండా తీయండి: తుప్పు ఉన్న చోటు, ఇంజన్ నంబరు, అడుగు భాగం, మీటర్లు. హ్యాండిల్‌తో ఇంజన్ తిప్పే వీడియో ఒకటి, స్టార్ట్ అయి ఉంటే చల్లటి ఇంజన్‌ను స్టార్ట్ చేసే వీడియో ఒకటి. ఇవి చూసి వచ్చినవాళ్లకు గేటు దగ్గర ధర తగ్గించడానికి సాకులు తక్కువ దొరుకుతాయి.

బయటి రాష్ట్రానికి అమ్మితే మన ఆర్‌టీఓ నుంచి ఫారం 28తో ఎన్ఓసి (అభ్యంతరం లేదనే పత్రం) తీసుకోవాలి. కర్నూలు వాళ్లకు ఒకప్పుడు హైదరాబాదు సొంత రాష్ట్రమే, 2014 జూన్ 2 తర్వాత దానికీ ఎన్ఓసి కావాల్సిందే. ఎన్ఓసి ఇచ్చేశాం కదా అని పూర్తిగా వదిలేయకండి. బండిని అక్కడిదాకా నడిపిస్తామంటే ఒప్పుకోకండి, లారీ మీదో రికవరీ వ్యాన్ మీదో ఎక్కించుకుపోవాలి. ఆ కిరాయి కొనేవాళ్లది.

అడ్వాన్సు తీసుకుంటే గడువు రాసుకోండి. మొత్తం 2 లక్షలు, ఆ పైన అయితే నగదు తీసుకోవడం ఆదాయపు పన్ను చట్టం ఒప్పుకోదు, బ్యాంకు ద్వారానే రావాలి. పేరు మార్పుకు వాడే ఫారం 29, 30 మీద తేదీలు వేయకుండా ఖాళీ సంతకాలు ఇవ్వొద్దు. బ్రోకర్లు తప్పకుండా అడుగుతారు, ఆ కాగితాలు ఎన్ని చేతులు మారతాయో మీకు తెలియదు. బండి లారీ ఎక్కే రోజు డెలివరీ నోటు రెండు ప్రతులు రాసి, తేదీతో పాటు గంట కూడా వేసి, కొనేవాళ్ల ఆధార్ కాపీ మీద వాళ్ల చేత సంతకం పెట్టించుకోండి. తర్వాత నెలనెలా పోర్టల్‌లో నంబరు కొట్టి చూస్తూ ఉండండి. యజమాని పేరు మారినట్టు కనిపించేదాకా ఆ ఫైలు అటక ఎక్కించొద్దు.